అలలపై స్వారి

పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపవాసులు పలకపై నిలిచి అలతోడ తీరమునకు జాఱివచ్చు క్రీడను ‘హే నలు’ అందురు. అలపై జాఱుట యని యర్థము. రాజులును, పల్లెకారులును, స్త్రీలును, పిల్లలును దీని నాడుచుండిరి. దొరల పొడుగు పలకకు ‘ఓలో’ యని పేరు. మన బాడిదకు దగ్గఱి చుట్టమైన విలివిలి యను తేలిక కొయ్యతో దానిని చేయుచుండిరి. కెరటములను దాటు మన జాలరి తెప్పను చూచినవారికి ఇందలి కష్టము చెప్ప నక్కఱలేదు.

1779లో కుక్ నాయకుని యోడలోని కింగ్ అను నధికారి ఈ క్రీడను గూర్చి వ్రాసెను. చిత్రకారుడగు వెబ్బర్ గీచిన రేవు చిత్రమున, పడవల నడుమ, పలకపై పోవు మనుష్యు డొకడు కలడు, వెదకినగాని కనబడడు.

పిమ్మట నోడలతో వచ్చిన రోగములు ప్రజను తుడిచిపెట్టినవి. 1890 జనాభా లెక్కలనాటికి స్వదేశీయులు సుమారు 40,000 మాత్రమే మిగిలిరి. 1820లో వచ్చిన క్రైస్తవ బోధకులే యాటను చంపిరని పెక్కు గ్రంథములు చెప్పును. వారి కది నచ్చలేదన్నమాట నిజమే. గాని మశూచికము, పొంగు చేసిన పని యంతకంటె నధికమని నా యభిప్రాయము. ఆడెడివారే లేనిచో ఆట యెక్కడిది?

1907లో జాక్ లండన్ అను అమెరికా రచయిత వైకీకీ తీరమున దీనిని నేర్చి వ్యాసము వ్రాసెను. చచ్చిన యాటను తెల్లవారు బ్రతికించిరని తరువాతివారు కొందఱు వ్రాసిరి. ఇది నాకు సమ్మతము గాదు. 1885లోనే ముగ్గురు హవాయి రాజకుమారులు కాలిఫోర్నియాలోని సాంతాక్రూజ్ వద్ద, అచ్చటి కొయ్య పలకలపై అలల నెక్కిరి. 1912 ఒలింపిక్ ఈతలో స్వర్ణపతకము గొని, 1914-15లో ఆస్ట్రేలియా ప్రజలకు ఈ విద్య చూపిన డ్యూక్ కహానమోకు ఆ ద్వీపముల బిడ్డయే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ పోటీలలో ఈ క్రీడ తొలిసారి చేరగా, స్త్రీల స్వర్ణపతకము హవాయి సంతతిదగు కరిస్సా మూర్‌కు దక్కెను.