పాఠక్రమం, తుఫాను కాలం: గూడూరు సీమలో ఆదివారపు ప్రసంగం

ఆదివారం ఆరాధనలో చదవబోయే వాక్యభాగాన్ని ఎవరు ఎంచుకోవాలి? మన సంఘాల్లో పెద్దగా చర్చకు రాని ప్రశ్న ఇది. ప్రసంగం ఎంతసేపు సాగాలి, పాటలు ఎన్ని ఉండాలి అనే వాటి మీద సంఘ పెద్దలు పట్టుగా మాట్లాడతారు గాని, ఈ వారం ఈ వాక్యమే ఎందుకొచ్చిందని అడిగేవారు తక్కువ. క్రైస్తవ సంవత్సరాన్ని అనుసరించి ప్రతి ఆదివారానికీ పాత నిబంధన పాఠం, కీర్తన, పత్రిక పాఠం, సువార్త పాఠం ముందుగా నిర్ణయించి ఉంచిన పట్టికను ఇక్కడ పాఠక్రమం అంటున్నాను. బోధకుడి స్వేచ్ఛకు అది కట్టిన కంచె అని పలువురి అభిప్రాయం. నా దృష్టిలో అది సంఘానికి దక్కిన హక్కు. తాను ఏమి వినాలో బోధకుడి ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టకుండా సంఘం దాచుకున్న హక్కు. దాని విలువ గూడూరు వంటి తుఫాను సీమలో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు నెలల్లో తేటగా కనబడుతుంది.

పరిశీలనకు గూడూరును తీసుకోవడానికి కారణం దాని క్రైస్తవ చరిత్రలోనే ఉంది. నెల్లూరు సీమ దక్షిణ భాగంలో 1865లో ఆగస్ట్ మిలియస్ ఆధ్వర్యంలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బుర్గ్ లూథరన్ మిషన్ పని మొదలుపెట్టింది. సూళ్లూరుపేట, నాయుడుపేటలతో పాటు గూడూరు కూడా ఆ మిషన్ పరిధిలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం జర్మన్ల పనిని దెబ్బతీశాక అమెరికా లూథరన్లు ఆ బాధ్యత తీసుకున్నారు. 1945లో అది దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా ఏర్పడింది. ఉత్తరాన నెల్లూరులో 1840 నుంచే అమెరికన్ బాప్టిస్టులు ఉన్నారు. 1928లో నెల్లూరు కతోలిక మేత్రాసనం ఏర్పడింది. 1941లో మద్రాసులో భక్తసింగ్ మొదలుపెట్టిన సహవాసాల ప్రభావం, ఆ తర్వాత పుట్టుకొచ్చిన స్వతంత్ర సంఘాలు వీటికి తోడయ్యాయి. లూథరన్లదీ కతోలికులదీ పాఠక్రమం ప్రకారం చదివే సంప్రదాయం. బాప్టిస్టు, సహవాస సంఘాలది బోధకుడు ప్రార్థించి వాక్యం ఎంచుకునే సంప్రదాయం. ఒకే వీధిలో, ఒకే ఆదివారం, రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

పాఠక్రమం పాశ్చాత్యుల కల్పన అనుకోవడం పొరపాటు. నజరేతు సమాజమందిరంలో యేసు చేతికి యెషయా గ్రంథాన్ని ఒకరు అందించారని లూకా 4వ అధ్యాయం చెబుతుంది. ఆయన గ్రంథాన్ని వెంట తెచ్చుకోలేదు. రెండో శతాబ్ది నడుమ జస్టిన్ మార్టిర్ తన విన్నపంలో ఆదివారపు కూడికను వర్ణిస్తూ, ముందు అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రచనలో చదువుతారనీ, ఆ చదివినదాని మీదనే అధ్యక్షుడు హెచ్చరిక చేస్తాడనీ రాశాడు. చదవడం ముందు, చెప్పడం తర్వాత. పదహారో శతాబ్దిలో లూథర్ అనేక పాత ఆచారాలను తీసేసినా ఏడాది పాఠక్రమాన్ని దాదాపు అలాగే ఉంచాడు. ఆ పాఠాలకు వ్యాఖ్యానాలు రాసి 1522 నుంచి అచ్చువేయించాడు. 1526 నాటి జర్మన్ ఆరాధన క్రమంలో ఆయన చెప్పిన కారణం మొహమాటం లేనిది: ఇలాంటి పుస్తకం లేకపోతే ప్రతివాడూ తన బుద్ధికి తోచింది చెప్పి, సువార్తకు బదులు నీలిరంగు బాతుల గురించి ప్రసంగించే స్థితి వస్తుందన్నాడు. గూడూరు లూథరన్ల పితామహుడు బోధకులను అంతగా నమ్మలేదన్నమాట! జ్యూరిక్‌లో జ్వింగ్లీ 1519 జనవరి 1న పాఠక్రమాన్ని పక్కనపెట్టాడు నిజమే. కాని ఆయన ఇష్టమైన వాక్యాలు ఏరుకోలేదు. మత్తయి సువార్తను మొదటి నుంచి వరుసగా చెప్పుకుంటూ పోయాడు. అదీ ఒక క్రమమే.

నేటి మూడేండ్ల పాఠక్రమానికి మూలం రెండో వాటికన్ మహాసభ. 1963 డిసెంబరులో వెలువడిన ఆరాధన నిర్ణయం లేఖనాలను విశ్వాసులకు మరింత విరివిగా వినిపించమంది. 1969లో కొత్త కతోలిక పాఠక్రమం వచ్చింది. ప్రొటెస్టెంట్ సంఘాలు దాన్ని తమకు తగినట్టు మలచుకుని 1983లో ఉమ్మడి పాఠక్రమాన్ని, 1992లో దాని సవరించిన రూపాన్ని తెచ్చాయి. మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. యోహాను ముఖ్యంగా పండుగ కాలాల్లో వినిపిస్తాడు. ఏడాది మొదలయ్యేది జనవరిలో కాదు, క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందు, ఆగమన కాలపు మొదటి ఆదివారంతో. నవంబరు చివరనో డిసెంబరు మొదట్లోనో వచ్చే ఆ రోజు నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండాల వార్తలు వినే రోజులు.

ఇటీవలి మూడు ఆగమన ఆదివారాలను వరుసగా పెట్టి చూద్దాం. 2023 డిసెంబరు 3న ఉమ్మడి పాఠక్రమంలోని సువార్త మార్కు 13:24–37. సూర్యుడు చీకటి కమ్మడం, నక్షత్రాలు రాలడం అందులో ఉన్నాయి. ఆ రోజే బంగాళాఖాతంలో మిచౌంగ్ తుఫాను రూపుకట్టింది. కోస్తాను తడిపి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 డిసెంబరు 1న సువార్త లూకా 21:25–36. సముద్రపు హోరుకు, అలల పొంగుకు జనం కలవరపడే మాట ఆ భాగం మొదట్లోనే ఉంది. ముందురోజు సాయంత్రం ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి వద్ద తీరం దాటింది. 2025 నవంబరు 30న సువార్త మత్తయి 24:36–44, నోవహు దినాల జలప్రళయం. శ్రీలంకను ముంచేసి ఉత్తరానికి కదిలిన దిత్వా తుఫాను అప్పుడు తమిళనాడు తీరం వెంబడి ఉంది. ఇందులో అద్భుతం వెతకనక్కర్లేదు. తుఫానుల కాలం, ఆగమన కాలం ఒకదానిమీదొకటి పడటం వల్ల జరిగేదే ఇది. పాత ఏడాది పాఠక్రమంలోనూ లూకా 21లోని సముద్ర ఘోష ఆగమన రెండో ఆదివారానికి, అంటే ఏటా డిసెంబరు 4, 10 తేదీల మధ్యకు కేటాయించి ఉండేది. జర్మనీలో మంచు కురిసే నెలకు కుదిర్చిన ఆ పాఠం, చిల్లకూరు, కోట, వాకాడు మండలాల జనం కిటికీలు బిగించుకునే వారంలో వినిపించేది.

ఇక్కడే బోధకుడి అసలు పరీక్ష. వెలుపల గాలి హోరు, చేతిలో ఇలాంటి వాక్యం. తుఫాను దేవుని తీర్పు అని ఒక్క మాట అనేయడం ఎంత సులువో! పాఠం పూర్తిగా చదివితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ దినాన్ని, ఆ గడియను ఎవరూ ఎరుగరనే మాట మార్కు 13:32లోనే ఉంది. కతోలిక పాఠక్రమం అదే ఆదివారానికి 33వ వచనం నుంచి మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి నక్షత్రాలు రాలే వచనాలూ వినబడవు, ఆ హెచ్చరిక వచనమూ వినబడదు. మెలకువగా ఉండమనే ఉపమానమే మిగులుతుంది. ఈ తేడాను రెండు వైపుల బోధకులూ గమనించాలి. పాఠం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడకుండా ప్రసంగం మొదలుపెట్టరాదు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి. 2024 డిసెంబరులో లూకా 21 విన్న సంఘమే 2025 మార్చి 23న, శ్రమకాలపు మూడో ఆదివారం, లూకా 13:1–9 వింది. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది ఇతరులకన్నా పాపులని తలంచవద్దని యేసు చెప్పే భాగం అది. అలాగే 2023 డిసెంబరు తుఫాను తర్వాత 2024 ఫిబ్రవరి 18న ఆదికాండము 9వ అధ్యాయం, నోవహుతో చేసిన నిబంధన, మేఘంలోని ధనుస్సు వచ్చాయి. డిసెంబరులో తొందరపడి మాట జారిన బోధకుణ్ణి పాఠక్రమమే మార్చిలో సరిదిద్దుతుంది. వాక్యాన్ని తానే ఎంచుకునే బోధకుడికి సిలోయము దగ్గరికి వెళ్లాల్సిన అవసరం ఎన్నడూ రాకపోవచ్చు.

దీనికి బలమైన అభ్యంతరం ఆత్మ నడిపింపు. వారం రోజులు మోకరించి పొందిన వాక్యం ముందు ఎక్కడో కమిటీలో తయారైన పట్టిక ఎంత అని అడుగుతారు. దీన్ని కొట్టిపారేయకూడదు. బాప్టిస్టు, సహవాస సంఘాల్లో ఈ పద్ధతి ఎందరికో వాక్యాన్ని ఆకలితో చదవడం నేర్పింది. అయితే పట్టిక లేని చోట కూడా ఒక పట్టిక ఉంటుంది. రాసి ఉండదు, అంతే. స్వస్థత, ఆశీర్వాదం, దశమ భాగం, అంత్యదినాలు వంటి కొన్ని అంశాల చుట్టూ వాక్యాలు తిరుగుతుంటాయి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11కు ఉన్న గిరాకీ అందరికీ తెలిసిందే. దానికి సరిగ్గా ముందున్న 10వ వచనం, డెబ్బై ఏళ్లు బబులోనులోనే గడపాలని చెప్పేది, కార్డు మీదికి ఎక్కదు. ఉమ్మడి పాఠక్రమమేమో ఆ అధ్యాయం నుంచి 1, 4–7 వచనాలు తీసుకుంటుంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరగా వెళ్లిన పట్టణపు క్షేమం కోరండి. జనం ఎక్కువగా ఇష్టపడే వచనాన్ని ముట్టనే లేదు! ఆత్మ బోధకుడి గదిలో శనివారం రాత్రి మాత్రమే పనిచేస్తాడని, పట్టిక కూర్చినవారి ప్రార్థనలో పనిచేయలేదని అనడానికి లేఖనాధారం నాకు కనబడలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఇది పరాయి రుతువుల పట్టిక. ఇందులో నిజం ఉంది. మత్తయి ఏట విత్తువాని ఉపమానం జూలై నడుమ వస్తుంది. నెల్లూరు సీమలో ప్రధాన వరి సాగు ఈశాన్య వర్షాలను నమ్ముకున్నది. నార్లు, నాట్లు అక్టోబరు తర్వాత, కోతలు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో. జూలైలో విత్తనం గురించి వినే రైతుకు చేతిలో పని లేదు. కాని ఇదే పట్టిక మార్కు ఏట శ్రమకాలపు ఐదో ఆదివారానికి యోహాను 12లోని గింజ మాటను పెట్టింది. నేలలో పడి చావకపోతే గింజ ఒంటరిగానే ఉంటుందనే ఆ మాట 2024లో మార్చి 17న వచ్చింది. ఐరోపాలో అది విత్తే రుతువు, ఇక్కడ కోత కోసే రుతువు. తెలుగు బైబిలులో ఉన్నది గోధుమ గింజ, వింటున్నవారి కళ్లాల్లో ఉన్నది వడ్లు. కోసిన పంటను కళ్లారా చూస్తున్నవాడికి, విత్తనపు వడ్లు తినకుండా దాచి నేలపాలు చేసిన రోజును గుర్తుచేస్తే ఆ వాక్యం ఐరోపా రైతుకన్నా అతనికే ముందు తగులుతుంది. రుతువు కుదరని చోట ప్రసంగానికి మంచి ఆరంభం దొరుకుతుంది. పట్టికను మార్చనవసరం లేదు. ఆ దూరాన్ని దాచకుండా చూపించాలి. సంఘాలు కోత పండుగను స్థానిక పంటను బట్టి జరుపుకుంటున్నాయి కూడా.

నేను పూర్తిగా ఒప్పుకునే లోపం ఒకటుంది. పట్టిక వదిలేసినవి చాలా ఉన్నాయి. న్యాయాధిపతుల గ్రంథం నుంచి ఉమ్మడి పాఠక్రమపు ఆదివారాల్లో మూడేళ్లలో ఒక్క భాగమే, దెబోరా గురించినది, వస్తుంది. 2 సమూయేలు 13లోని తామారు గాథ అసలు రాదు. స్త్రీల మీద జరిగిన హింసను చెప్పే గాథలు ఆదివారం వినబడకపోతే, అలాంటి హింసను ఇంట్లో భరించే స్త్రీకి ఆరాధనలో మాట దొరకదు. దీనికి మందు పట్టికను వదిలేయడం కాదు, ఏటా కొన్ని ఆదివారాలను సంఘం కలిసి కూర్చుని నిర్ణయించుకోవడం. దానికి దారి ఇప్పటికే ఉంది. ఈ సీమ సంఘాల్లో అధికులు దళిత కుటుంబాలవారు. భారత జాతీయ క్రైస్తవ సంఘాల సమాఖ్య, కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కలిసి నవంబరు రెండో ఆదివారాన్ని దళిత విమోచన ఆదివారంగా ఆచరిస్తున్నాయి. దళిత వేదాంతానికి పునాది వేసినవారిలో ఒకరైన అరవింద్ నిర్మల్ తన వాదనకు ఆధారం చేసుకున్న ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం లూకా ఏట శ్రమకాలపు మొదటి ఆదివారానికి పాఠంగా ఉంది. పట్టికలో ఉన్నదాన్ని కొత్త చెవులతో వినడం, లేనిదాన్ని సంఘం తీర్మానంతో చేర్చుకోవడం, రెండూ కావాలి.

ఇక ఆరాధన సంగతి. పాఠాలు ముందే తెలిసి ఉంటే వాటి వల్ల ఎక్కువ మేలు పొందేది ప్రసంగం కన్నా మిగతా ఆరాధనే. సోమవారమే నాలుగు పాఠాలూ బిగ్గరగా చదివితే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఆ పాఠానికి పలికే కీర్తనను గాయక బృందం వెతుక్కోవడానికి వారం ఉంటుంది. మన ఆరాధనల్లో పాటలకూ పాఠాలకూ సంబంధం లేకపోవడానికి కారణం భక్తి లోపం కాదు, పాఠం శనివారం దాకా ఎవరికీ తెలియకపోవడమే. గ్రాంథిక భాషలో ఉన్న బైబిలును తడుముకోకుండా చదవాలంటే పాఠం చదివేవారికి నాలుగు రోజుల సాధన కావాలి. విజ్ఞాపన ప్రార్థనలో వేటకు వెళ్లిన పడవలను, నీట మునిగిన నారుమళ్లను పేరుపెట్టి తలుచుకోవాలంటే ఆ పని శుక్రవారం వాతావరణ హెచ్చరిక చూశాక మొదలుపెట్టాలి. ఒకే పాస్టరు గారి కింద నాలుగైదు పల్లె సంఘాలుండి, ఆయన వెళ్లలేని చోట ఉపదేశి ఆరాధన నడిపే పరిస్థితుల్లో, అన్ని పల్లెలూ ఆ రోజు ఒకే వాక్యం వింటాయనే భరోసా పాఠక్రమం తప్ప మరేదీ ఇవ్వలేదు. తొలి మూడు పాఠాలు వదిలేసి సువార్త ఒక్కటే చదివే అలవాటు మాత్రం మానుకోవాలి. అది ఆదా చేసేది పది నిమిషాలే.

మూడేళ్ల చక్రంలో మార్కు ఏడు మళ్లీ మొదలయ్యేది 2026 నవంబరు 29న. ఆ ఆదివారం ఉమ్మడి పాఠక్రమాన్ని అనుసరించే సంఘాల్లో మార్కు 13:24 నుంచి, కతోలిక ఆలయాల్లో 33వ వచనం నుంచి చదువుతారు. ఈశాన్య రుతుపవనాలు అప్పటికింకా వెనుదిరిగి ఉండవు.