ఆలయ వాహనాలు: పురాణ కథలకు రూపమిచ్చిన దారుశిల్పం

మార్కాపురం పేరు చెప్పగానే పలకలు గుర్తుకు వస్తాయి. శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయంలోని విజయనగర కాలపు స్తంభాల వలన రాతి పనితనానికి కూడా ఈ పట్టణం పేరు గాంచినది. పశ్చిమ ప్రకాశం ప్రాంతపు ఆలయాలలో అంతగా ప్రచారానికి నోచుకోని సంపద మరొకటి కలదు. అది కొయ్యతో మలచిన వాహనాలు, పల్లకీలు, రథాలు.

వాహనమనగా ఉత్సవమూర్తి ఆసీనుడయ్యే పీఠమే. అయితే దాని ఆకృతిని నిర్ణయించేది పురాణగాథ. తల్లి వినత దాస్యవిముక్తికై అమృతకలశం తెచ్చిన గరుత్మంతుడు వైష్ణవాలయాలలో స్వామిని మోస్తాడు. ఆదిశేషుడు, హనుమంతుడు, హంస, సూర్యప్రభ, చంద్రప్రభ కూడా అదే కోవకు చెందినవి. శైవక్షేత్రాలలో నంది, భృంగి, మయూర వాహనాలు కానవస్తాయి. కైలాసాన్ని పెకలింప యత్నించి భంగపడిన రావణుడు శ్రీశైలంలో స్వామివారికే వాహనమైనాడు! ఓడినవానికి సైతం ఉత్సవంలో స్థానమిచ్చిన సంప్రదాయమిది.

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా భావించే త్రిపురాంతకం ఈ ప్రాంతంలోనిదే. క్షేత్రనామానికి మూలమైన త్రిపురాసుర సంహార గాథలో భూమి రథమైనది, సూర్యచంద్రులు చక్రాలైనారు, బ్రహ్మ సారథి అయినాడు, మేరువు విల్లుగా, విష్ణువు బాణంగా మారినారు. ఆలయ రథాన్ని కదిలే దేవాలయంగా, విశ్వరూపంగా భావించుటకు ఇటువంటి గాథలే ఆధారం.

వాహన నిర్మాణంలో శిల్పి, వడ్రంగి ఇరువురి పని కలిసి ఉంటుంది. టేకు, వేగిస, వేప వంటి కలపను బాగుగా ఆరనిచ్చిన పిమ్మటనే ఉలి పెట్టాలి. పచ్చి కలప తరువాత బీటలు వారుతుంది. ముఖం, రెక్కలు, తోక విడివిడిగా చెక్కి కుసులతో బిగించడం వాడుక. విగ్రహం, అలంకారం, అర్చకుల బరువు మోయవలసి ఉన్నందున పీఠం దృఢంగా ఉండాలి, మోత కర్రలకు తగిన అమరిక ఉండాలి. రంగులు వేయుటతో గాని, ఇత్తడి లేక వెండి తాపడంతో గాని పని పూర్తవుతుంది. తాపడం మెరుస్తున్నంత మాత్రాన వాహనం క్షేమమని తలచరాదు. లోపలి కొయ్యకు చెద పట్టినా బయటికి కనిపించదు.

నేడు ఇవే రూపాలు గృహాలలో పూజా మందిరాలుగా, ఉయ్యాల బల్లలుగా, చెక్కుడు తలుపులుగా ఆదరణ పొందుతున్నవి. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం మాధవమాల గ్రామ కళాకారులు దేవతామూర్తులను, దశావతార ఫలకాలను కొయ్యలో మలచుటలో ప్రసిద్ధులు. తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో తిరుపతిలో నెలకొల్పిన శిల్ప శిక్షణ సంస్థలో దారుశిల్పం ఒక బోధనాంశం. కొత్తగా చేయించుకొన్న వస్తువు వలన కళాకారునికి జీవనోపాధి కలుగుతుంది. పాత వాహనం నుండి ఊడదీసిన గరుడ ముఖమో, సింహపు కాలో అలంకార వస్తువుగా అమ్ముడుపోతే ఆలయానికి తీరని నష్టం.

వాహనాలు ఆలయ చరాస్తులు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం చరాస్తుల వివరాలు ఆస్తుల రిజిస్టరులో ఉండాలి. వంద సంవత్సరాలు నిండిన శిల్పం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తుంది. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. కొత్త వస్తువును విదేశాలకు తీసుకువెళ్లునపుడు అది పురావస్తువేమోనన్న సందేహం కలిగినచో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుండి ధ్రువపత్రం పొందవచ్చును.

కలప విషయంలోనూ జాగ్రత్త అవసరం. గిద్దలూరు వైపు నల్లమలలోనూ పెరిగే ఎర్రచందనం 1995 నుండి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నది. ఆ కొయ్యతో చేసిన బొమ్మగాని, పీటగాని కొనువారు కలప ఎక్కడిదో తెలిపే పత్రాలను, రసీదును తప్పక అడిగి తీసుకొనవలెను.