ఆకు మీద రాసినవాళ్లు, ఆకు కుట్టినవాళ్లు

కడప జిల్లా సాహిత్య చరిత్ర అనగానే నాకు తాటాకులే గుర్తొస్తాయి. 1820లో ఉద్యోగిగా ఇక్కడికొచ్చిన సి.పి.బ్రౌన్ తర్వాత కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టుకుని తాటాకు ప్రతుల్ని సేకరించాడు, పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. పిహెచ్.డి. రోజుల్లో అక్కడ తాటాకు కట్టలు చూస్తున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆకు మీద రాసినవాళ్ల శ్రమకు ఇంత చోటుంది. మరి ఆకు కుట్టినవాళ్ల శ్రమకు చోటేది?

మా అవ్వది ప్రొద్దుటూరు. పెండ్లిండ్ల కాలమొస్తే ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడి మోదుగాకులతో, మర్రాకులతో విస్తర్లు కుట్టేవాళ్లు. ఎండిన ఆకు పగిలిపోతుంది కాబట్టి ముందు నీళ్లు చల్లి మెత్తబరచాలి. అంచు మీద అంచు వేసి, సన్నటి పుల్లతో గుచ్చి, మిగిలిన ముక్క విరిచెయ్యాలి. చారు పోసినా కారకూడదు. జమ్మలమడుగులో నేను కలిసిన ఒక పెద్దామె, మొగుడు పోయాక, ఈ పనితోనే ముగ్గురు పిల్లల్ని సాకింది. దాని గురించి అడిగితే, “తిన్నాక పారేసేదే గదమ్మా, రాసేదానికేముంది?” అంది.

పారేసేదే. కానీ దాని చుట్టూ ఎన్ని కట్టుబాట్లు! ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలి, ఎంగిలాకు ఎవరెత్తాలి అన్నది కులం తేల్చేది. భర్త తిని లేచిన విస్తట్లోనే భార్య తినడం పాతివ్రత్యం అనిపించుకునేది. అంటే కుట్టిన చేతులకు చాలా ఇళ్లల్లో కొత్త ఆకు కూడా దక్కలేదు.

పులివెందులలో మా చిన్నమ్మ కూతురు బడి కోసం చేసిన రావి ఆకు అస్థిపంజరం చూసినప్పుడు ఇవన్నీ మళ్లీ గుర్తొచ్చాయి. ఆకును కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే సూక్ష్మజీవులు మెత్తటి భాగాన్ని తినేస్తాయి. ఈనెలను గట్టిపరిచే లిగ్నిన్ అంత తేలిగ్గా కుళ్లదు. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది కడిగి, కాగితాల మధ్య ఆరబెడితే జల్లెడలాంటి ఆకు ఏళ్ల తరబడి ఉంటుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో శరీరశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రూయిష్ (1638-1731) ఆకుల్ని ఇలాగే భద్రపరిచాడు. ఆయన సేకరణను 1717లో రష్యా చక్రవర్తి పీటర్ కొన్నాడు. ఆ వస్తువుల అలంకరణలో కూతురు రాచెల్ చెయ్యి కూడా ఉందని చరిత్రకారులు రాస్తారు. పూల చిత్రకారిణిగా ఆమె స్వయంగా పేరు తెచ్చుకుంది కాబట్టి ఆ సంగతైనా మనదాకా వచ్చింది. పేరు రాని కూతుళ్ల మాటేమిటి?

తాటాకైనా, రావి ఆకైనా తనంతట తాను మిగలదు. దాచదగిందని ఎవరో అనుకోవాలి, అందుకు శ్రమో డబ్బో పెట్టాలి. విస్తరి విషయంలో అలా ఎవరూ అనుకోలేదు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలను దేశమంతటా నిషేధించారు. ఆకు పళ్లేనికి ‘పర్యావరణహితం’ అనే కొత్త గౌరవం వచ్చింది. యంత్రం మీద అచ్చొత్తినవి అంగళ్లలో అమ్ముతున్నారు. గౌరవం ఆకుకు దక్కింది, ఆ నేర్పును ఇన్ని తరాలు నిలిపిన ఆడవాళ్లకు దక్కలేదు.

జమ్మలమడుగు పెద్దామె దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఒక విస్తరి కుట్టించుకున్నాను. ఎన్ని ఆకులు పడతాయో, పుల్ల ఎక్కడ గుచ్చాలో, ఎవరి దగ్గర నేర్చుకుందో, కట్టకు ఎంత ఇచ్చేవాళ్లో అడిగి రాసుకున్నాను. నా నోటుపుస్తకంలో ఆ పేజీకి పైన ఆమె పేరుంది. మీ ఊళ్లో కూడా అలాంటివాళ్లు ఉంటారు. వాళ్లుండగానే అడగండి.