సైనిక హెలికాప్టర్ పైలట్లు: పౌర విమానయాన ప్రవేశం

సైన్యంలో హెలికాప్టర్లు నడిపినవారు ఉద్యోగ విరమణ తర్వాతో, సర్వీసు గడువు తీరాకో పౌర విమానయానంలో చేరడం రెండో ప్రపంచ యుద్ధానంతరం మొదలైంది. సముద్రంలోని చమురు రిగ్గులకు సిబ్బందిని చేరవేయడం, ఎయిర్ అంబులెన్స్, కార్చిచ్చుల అదుపు, పోలీసు గస్తీ, ప్రముఖుల ప్రయాణాలు వీరికి ప్రధాన ఉపాధి మార్గాలు. హెలికాప్టర్ శిక్షణ ఖర్చు సామాన్యులకు అందదు. ప్రభుత్వ సొమ్ముతో తయారైన పైలట్లు సిద్ధంగా దొరకడం వల్లనే పలు దేశాల్లో ఈ పరిశ్రమ నిలదొక్కుకుంది.

తొలి రోజులు

1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల నుంచి సికోర్‌స్కీ ఆర్-4తో క్షతగాత్రులను బయటికి తెచ్చిన అమెరికన్ పైలట్ కార్టర్ హార్మన్ యుద్ధం ముగిశాక సంగీత విమర్శకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఎగరడమే వృత్తిగా కొనసాగించాలనుకునేవారికి అప్పటికి పౌర హెలికాప్టర్ ఉద్యోగాలు లేవు. 1946 మార్చి 8న బెల్-47 హెలికాప్టరుకు అమెరికా ప్రభుత్వం పౌర ధ్రువపత్రం ఇవ్వడంతో దారి తెరుచుకుంది. 1949లో లూసియానా బురద నేలల్లో చమురు అన్వేషణకు పెట్రోలియం హెలికాప్టర్స్ సంస్థ పుట్టింది.

బ్రిటన్‌లో ఈ చరిత్రంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. నౌకాదళ పైలట్ అలన్ బ్రిస్టో (1923–2009) వెస్ట్‌లాండ్ కంపెనీలో టెస్ట్ పైలట్‌గా చేశాడు, ఇండోచైనాలో ఫ్రెంచివారి వద్ద పనిచేశాడు, అంటార్కిటిక్ జలాల్లో తిమింగలాల వేట నౌకల కోసం ఎగిరాడు. 1955లో బ్రిస్టో హెలికాప్టర్స్ స్థాపించి పర్షియన్ గల్ఫ్‌లో షెల్ కంపెనీ పనితో నిలదొక్కుకున్నాడు, 1960లలో ఉత్తర సముద్రంలో చమురు, గ్యాస్ అన్వేషణ మొదలవగానే అక్కడా అడుగుపెట్టాడు. తన తొలి పైలట్లను ఎక్కువగా నౌకాదళం నుంచే తెచ్చుకున్నాడు. మొండితనం, సాహసం సమపాళ్లలో ఉన్న మనిషి.

కొరియా యుద్ధంలో హెలికాప్టర్లు వేలాది క్షతగాత్రులను తరలించాయి; ఆ అనుభవమే తర్వాత పౌర ఎయిర్ అంబులెన్సులకు బాట వేసింది.

వియత్నాం తరం

పౌర రంగాన్ని మలుపు తిప్పింది వియత్నాం యుద్ధం. హెలికాప్టర్ పైలట్ కావడానికి అమెరికా సైన్యం డిగ్రీ అడగలేదు. హైస్కూలు చదువు, ఆరోగ్యం, ప్రవేశ పరీక్షలో నెగ్గగల తెలివి ఉంటే చాలు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు టెక్సాస్‌లోని ఫోర్ట్ వోల్టర్స్‌లో ఓనమాలు దిద్ది, అలబామాలోని ఫోర్ట్ రకర్‌లో హ్యూయీ హెలికాప్టర్ మీద పట్టు సాధించి, వారెంట్ ఆఫీసర్లుగా యుద్ధానికి వెళ్లేవారు. 1956 నుంచి 1973 వరకు సాగిన వోల్టర్స్ బడిలో 40 వేల మందికి పైగా శిక్షణ పొందారు. ఏడాది విధుల్లోనే వెయ్యి గంటలు ఎగిరినవారు చాలామంది. దాదాపు 2,200 మంది పైలట్లు తిరిగి రాలేదు.

తిరిగొచ్చినవారికి లైసెన్సు పెద్ద సమస్య కాలేదు. సైనిక పైలట్ అర్హత ఉన్నవారు నిబంధనలపై ఒక రాతపరీక్ష నెగ్గితే కమర్షియల్ లైసెన్సు వచ్చేది. అయితే అది హెలికాప్టర్‌కే చెల్లేది. ఎయిర్‌లైన్స్ ముంగిట అప్పటికే వాయుసేన, నౌకాదళ జెట్ పైలట్లు బారులు తీరి ఉన్నారు. హెలికాప్టర్ మీద గడించిన గంటలకు అక్కడ విలువ లేదు. దాంతో ఈ తరం గల్ఫ్ ఆఫ్ మెక్సికో చమురు రిగ్గులకు, అలాస్కాకు, కలప రవాణాకు, కార్చిచ్చుల మీద నీళ్లు చల్లే పనికి మళ్లింది. 1973 చమురు సంక్షోభంతో తీరం వెంబడి తవ్వకాలు పెరగడం వీరికి కలిసొచ్చింది. యంత్రాలూ పాత పరిచయమున్నవే: హ్యూయీకి పౌర రూపం బెల్-205, సైన్యపు కయోవాకు తోబుట్టువు బెల్-206.

క్షతగాత్రులను నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చే యుద్ధకాలపు అలవాటు ఊళ్లలోకి వచ్చింది కూడా ఈ కాలంలోనే. 1970లో మేరీలాండ్ రాష్ట్ర పోలీసు హెలికాప్టర్లు, టెక్సాస్‌లో సైనిక హెలికాప్టర్లు రోడ్డు ప్రమాద బాధితులను తరలించడం ప్రారంభించాయి. 1972 అక్టోబరులో డెన్వర్‌లోని సెయింట్ ఆంథోనీ ఆసుపత్రి సొంతంగా హెలికాప్టర్ సేవ పెట్టింది. ఎలాగైనా వెళ్లి తేవాలన్న సైనిక పట్టుదల ఇక్కడ బెడిసికొట్టిన సందర్భాలున్నాయి. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1988లో 59 ఎయిర్ అంబులెన్స్ ప్రమాదాలను పరిశీలించి, మసక వాతావరణంలో ఎగరడమే ప్రధాన ముప్పని తేల్చింది. జాలి నిర్ణయాన్ని ప్రభావితం చేయకుండా, బయల్దేరే ముందు రోగి పరిస్థితిని పైలట్‌కు చెప్పకపోవడమనే మంచి ఆనవాయితీ తర్వాత చాలా సంస్థల్లో స్థిరపడింది.

ఇటీవలి పరిణామాలు

2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర జరిగిన విమాన ప్రమాదం తర్వాత అమెరికా నిబంధనలు కఠినమయ్యాయి. 2013 నుంచి ఎయిర్‌లైన్స్ కో-పైలట్‌కూ 1,500 గంటల అనుభవం తప్పనిసరైంది. సైనిక పైలట్లకు 750 చాలు. పైలట్ల కొరత ముదిరి, ప్రాంతీయ ఎయిర్‌లైన్స్ తామే ఖర్చు భరించి హెలికాప్టర్ పైలట్లకు విమాన శిక్షణ ఇప్పించసాగాయి. పైలట్లు జారిపోతుండటంతో సైన్యం 2020లో కొత్తవారి తప్పనిసరి సర్వీసును ఆరేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది.

బ్రిటన్‌లో యువరాజు విలియం వాయుసేన సహాయక హెలికాప్టర్లు నడిపి, పౌర లైసెన్సు పరీక్షలు రాసి, 2015–17 మధ్య ఈస్ట్ ఆంగ్లియా ఎయిర్ అంబులెన్స్‌లో ఉద్యోగం చేశాడు. 2015లో గాలింపు, రక్షణ విధులే సైన్యం నుంచి బ్రిస్టో సంస్థకు మారాయి.

భారతదేశంలో

చమురు సంస్థ ఓ.ఎన్.జి.సి. అవసరాల కోసం 1985లో ఏర్పడిన పవన్ హన్స్ హెలికాప్టర్ సంస్థతో ఇక్కడి పౌర రంగం విస్తరించింది. పైలట్లలో అధికులు త్రివిధ దళాల నుంచి వచ్చినవారే. వాయుసేనవారిలో చాలామంది హైదరాబాద్ శివార్లలోని హకీంపేట హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో నేర్చుకున్నవారు. సియాచిన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపినవారికి కేదార్‌నాథ్ యాత్రికుల ప్రయాణాలు కొత్తకాదు. కృష్ణా–గోదావరి బేసిన్ రిగ్గులకు రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు వెళ్తుంటాయి. ప్రముఖుల ప్రయాణాల్లోని ప్రమాదం తెలుగువారికి బాగా తెలుసు. 2002లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2009లో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదాల్లో మరణించారు. సైన్యంలో చేరకుండానే పైలట్ కాగోరేవారి కోసం విమాన తయారీ సంస్థ హెచ్.ఎ.ఎల్. బెంగళూరులో రోటరీ వింగ్ అకాడమీ నెలకొల్పింది. అక్కడి ఫీజులు మాత్రం విద్యార్థే కట్టుకోవాలి.