రహీం సాబ్ ముచ్చట

మంట ఎగదొయ్యిరా జెర, చలి ముదురుతున్నది. దగ్గరికి జరిగి కూసోండి.

పొద్దుందాక అమీర్‌పేట మైత్రీవనం సందులల్ల తిరిగొచ్చిండ్రు గదా, ఎన్ని కోచింగ్ బోర్డులు చూసిండ్రు? జావా నేర్పిస్త అనేటోడు ఒకడు, పైథాన్ అనేటోడు ఇంకొకడు, మూడు నెలలల్ల నౌకరి అనేటోడు మరొకడు. మా చిన్నప్పుడు పట్నంల కోచ్ అంటే అందరి నోట్ల ఒక్కటే పేరు, సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అంటుండె అందరు. ఆయన నేర్పింది ఫుట్‌బాల్.

చూస్తే బడిపంతులు. 1909ల ఈ పట్నంలనే పుట్టిండు. ఉస్మానియాల బీఏ చదివిండు. కాచిగూడల, చాదర్‌ఘాట్‌ల పిల్లలకు పాఠాలు చెప్పిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీ అయిండు. 1950ల సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. గా ఏడే ఢిల్లీల డ్యూరాండ్ కప్పు ఫైనల్. అవతల మోహన్ బగాన్. గప్పుడు ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. గసుంటోళ్ళను ఓడగొట్టి కప్పు పట్టుకొచ్చిండ్రు మనోళ్ళు. ఇగ బొంబాయిల రోవర్స్ కప్పంటవా, 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు మన పోలీసోళ్ళదే.

మా చిన్నాయిన గప్పుడు పోలీసుల కానిస్టేబుల్. డ్యూటీ దిగినంక నన్ను సైకిల్ ముంగట కూసోబెట్టుకొని ఆట చూడనీకి తీస్కపోతుండె. రహీం సాబ్ గురించి ఆయన చెప్పేదొకటే మాట: లేనిదానికి ఏడ్వడు, ఉన్నదాంతోనే గెలుస్తడు.

ఎట్లంటే ఇనుండ్రి. ఆయన పట్నంల పోటీలు పెడుతుండె, ఎక్కడా లేని పోటీలు. ఒకదాంట్ల బలం లేని కాలితోనే ఆడాలె. కుడికాలి వాటమున్నోడు ఎడమకాలితోనే తన్నాలె, ఎడమవాటమోడు కుడికాలితో. ఇంకొకదాంట్ల బంతిని కాళ్ళల్ల పెట్టుకొని తిప్పుకుంట ఉరుకుడు బందు, అందుకున్నోడు అందుకున్నట్టే పక్కోనికి పంపాలె. ఎందుకంటవా? ఒక్కకాలి ఆటగానికి అవతలోడు ఒక్కదిక్కు అడ్డం నిలబడితే చాలు, ఆట ఖతం. రెండు కాళ్ళు నడిచేటోన్ని ఆపాలంటే ఇద్దరు కావాలె. మనోళ్ళు బక్కపలచటోళ్ళు, భుజం భుజం తగిలితే ఓడిపోతరు. బంతి ఆగకుంట ఉరుకుతుంటే భుజంతోని పనేముంది?

గా ఆటను మేం పోరగాండ్లం గూడ ఆడి చూసినం. గప్పుడు అమీర్‌పేటల ఖాళీ జాగలు బగ్గ ఉండె. రబ్బరు బంతి, ఎడమకాలు. తన్నబోతే కాలు గాలిల, బంతి నేల మీద, మనిషి మట్టిల. నవ్వి నవ్వి కడుపులు నొచ్చినయి. కొన్ని దినాలైనంక ఎడమకాలు గూడ మాట ఇనుడు మొదలుపెట్టింది.

గని అన్నీ గెలుపులేం కాదు బిడ్డా. 1951ల ఢిల్లీల మొట్టమొదటి ఏషియన్ గేమ్స్. రహీం సాబ్ కోచ్‌గ మన దేశం జట్టోళ్ళు ఇరాన్‌ను ఒక్క గోల్‌తో కొట్టి బంగారం తెచ్చిండ్రు. దేశమంత సంబురం. మరుసటి ఏడే, 1952ల, హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిల పది-ఒకటి. అవును, పది! గా చలిల మనోళ్ళు చానమంది ఉత్తకాళ్ళతో ఆడిండ్రు. గా దెబ్బతోనే బూట్లు లేకుంట ఆడుడు బందయింది.

బూట్లంటే యాదికొచ్చింది, తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దిక్కు అమ్ముగూడ పిలగాడు. ఇంట్ల పేదరికం. పోలీసోళ్ళు పారేసిన పాత బూట్ల తోలుతోని చెప్పులు కుట్టేటాయనతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నడు. గా పోరన్ని చూసి పట్టుకున్నది రహీం సాబే. అమ్ముగూడ నుంచి పట్నం రానీకి పైసలు లేవంటే, కిరాయి సైకిల్‌కు పైసలు తనే ఇచ్చిండంటరు. గా పోరడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడిండు.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1956. గా జట్టుల మనోళ్ళెందరనుకున్నరు? అజీజ్, లతీఫ్, నూర్, సలాం, జుల్ఫికర్, బలరాం, అందరు ఈ మట్టిల ఆడి పెరిగినోళ్ళే. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే నాలుగు-రెండుతో కొట్టిండ్రు. బొంబాయి నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ ఏసిండు. ఒలింపిక్స్‌ల ఆసియావోడు హ్యాట్రిక్ కొట్టుడు గదే మొదలు. సెమీస్‌ల మల్ల గదే యుగోస్లావియా. ముందుగాల గోల్ ఏసింది మనమే, ఆఖరికి నాలుగు-ఒకటితో ఓడినం. ఓడితే ఓడిండ్రు గని, నాలుగేండ్ల కింద పది తిన్నోళ్ళు నాలుగోస్థానం దాక పోయిండ్రా లేదా? 1960ల రోమ్‌ల ఫ్రాన్స్‌తో సమానంగ ఆడిండ్రు, ఒకటి-ఒకటి.

ఇగ అసలు ముచ్చట జకార్తాది. 1962 ఏషియన్ గేమ్స్. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఇండోనేషియా రానియ్యలేదు. గట్లయితే వీటిని ఏషియన్ గేమ్స్ అని ఎట్లంటరని ఒలింపిక్ కమిటీల ఉన్న మన సోంధీ సాబ్ అడిగిండు. గంతే, గా ఊరంత మనమీద తిరగబడ్డది. మనోళ్ళు మైదానంల అడుగుపెడితే చాలు, ఒక్కటే ఊళలు. మొదటి ఆటల్నే దక్షిణ కొరియా రెండు-సున్నాతో కొట్టింది. థాయ్‌లాండ్ ఆటల జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డయి. జర్నైల్ అంటే మన గోల్ ముంగటి గోడ. గోడనే కూలితే ఇంకేమున్నది అనుకుంటరు ఎవలన్న.

రహీం సాబ్ ఏం జేసిండు? జర్నైల్‌ను ఇంటికి తోలలే. సెమీస్‌ల తీస్కపోయి ఫార్వర్డ్‌ల నిలబెట్టిండు! కాలేజీల ఉన్నప్పుడు ముంగట ఆడిన పోరడని ఆయనకెరుక. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ ఏసిండు, మూడు-రెండుతో ఫైనల్ చేరినం.

సెప్టెంబర్ 4. అవతల మల్ల దక్షిణ కొరియానే. స్టేడియంల లక్షమంది మన ఓటమి కోసం చూస్తుండ్రు. మన దిక్కు గొంతు కలిపింది పాకిస్తాన్ హాకీ జట్టోళ్ళేనంటరు. గోల్‌ల తంగరాజ్ జరం నుంచి లేచొచ్చి నిలబడ్డడు. కెప్టెన్ చునీ గోస్వామి. ముంగట మన బలరాం ఉన్నడు. పదిహేడో నిమిషంల పీకే బెనర్జీ ఒకటి ఏసిండు. ఇంకో మూడు నిమిషాలకు జర్నైల్, కుట్లున్న తలతోనే, ఇంకొకటి. చివర్ల కొరియా ఒకటి ఏసింది గని అప్పటికే ఆలస్యమైంది. తెల్లారి ఇక్కడ పట్నంల ఇరానీ హోటల్ల ఒక్క పేపరు, పది చేతులు మారింది. చిన్నాయిన అందరికీ చాయ్ తాపిండు.

గా బంగారం గెలిచే నాటికే రహీం సాబ్ పానం బాగలేకుండె. ఊపిరితిత్తుల కాన్సర్. 1963 జూన్ 11న పోయిండు. యాభైమూడేండ్లు. ఆయన కొడుకు హకీం గూడ రోమ్ జట్టుల ఉన్నోడే, తర్వాత కోచ్ అయిండు, రిఫరీ అయిండు. మొన్న 2024ల రహీం సాబ్ మీద హిందీల 'మైదాన్' అని సినిమా గూడ వచ్చింది. అది చూసినంకనే శానమంది పోరగాండ్లు, గీయన హైదరాబాదా అని నోరెళ్ళబెట్టిండ్రు.

1970ల బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌ల కంచు పతకం వచ్చింది. గా జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయన గూడ మన పట్నపోడే. తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌ల మనకు పతకం లేదు. బంగారాలు మొత్తం రెండే, 1951, 1962. రెండూ గా బడిపంతులు తెచ్చినయే. మీ సార్లకు ఆయన పేరు ఎరుకనో లేదో, రేపు క్లాసుకు పోయినప్పుడు అడిగి చూడుండ్రి.