దివ్యాంగుల ఉన్నత విద్య (భారతదేశం)

భారతదేశంలో దివ్యాంగ విద్యార్థుల ఉన్నత విద్యకు ప్రధాన ఆధారం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 1995 నాటి దివ్యాంగుల చట్టం కల్పించిన 3 శాతం సీట్ల కోటాను ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతానికి పెంచింది. గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపూ ఇచ్చింది. కోటాకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.

పరీక్ష రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి వారి బదులు జవాబులు రాసే సహాయకుడిని, అంటే స్క్రైబ్‌ను, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు కల్పించాయి. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించరాదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

చదువుకునే హక్కు కోసం కూడా కొందరు పోరాడాల్సి వచ్చింది. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన అంధుడు శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకెక్కాల్సి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివారు.

సీటుతోనే బాధ్యత తీరదు. భవనాలను దివ్యాంగులకు అనువుగా మార్చడం, అవసరమైన సర్దుబాట్లు చేయడం చట్టప్రకారం విద్యాసంస్థల విధి.