ఆకు పనిని తూచిన కథ

ఒకే మడిలో, ఒకే ఎరువుతో పెరిగిన రెండు ఫ్రెంచి చిక్కుడు రకములలో ఒకటి విరగకాయును, రెండవది అంతగా కాయదు. (మనము బీన్స్ అని కొనునది ఇదే, పందిరి చిక్కుడు వేరు.) ఎక్కువ కాచిన దాని ఆకులు ఎక్కువ పని చేసినవా? చిన్న ప్రశ్నయే. కాని జవాబు తేలుటకు ఇంచుమించు తొంబది సంవత్సరములు పట్టినది.

ఆకు పని కిరణజన్య సంయోగక్రియ అని విద్యార్థులెరుగుదురు. దానిని కొలుచుట ఎట్లు? 1884లో జర్మనీ దేశపు జూలియస్ సాక్స్ ఒక ఉపాయము పన్నెను. ఉదయమున నడిమి ఈనెకు ఒక ప్రక్కనున్న సగము ఆకును కోసి, అందులో కొలిచిన ముక్కను ఎండబెట్టి తూచెను. ఈనెతో మిగిలిన సగమును సాయంకాలము వరకు వెలుతురులో ఉంచి, దానినుండియు అంతే ముక్కను తీసి తూచెను. పెరిగిన బరువే ఆనాటి సంపాదన. ఆయన వాడిన మొక్కలలో గుమ్మడి ఒకటి. ఇంతకంటె చవుకైన ప్రయోగమును ఊహించుట కష్టము. అయితే ఆకు తాను చేసిన చక్కెరలో కొంత పగటివేళనే కాండమునకు పంపివేయును. పైగా ఎండకు ఆకు కొద్దిగా ముడుచుకొనును. కావున ఉదయపు చదరపు అంగుళము, సాయంకాలపు చదరపు అంగుళము ఒకటి కావు. ఈ రెండవ లోపమును 1909లో థోడే వివరముగా పరీక్షించెను. రకమునకు రకమునకు గల స్వల్పభేదము ఇట్టి త్రాసుకు చిక్కదు.

1947లో ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్‌లో వాట్సన్ ఒక్క ఆకును విడిచి పైరునంతటిని లెక్కించెను. గోధుమ, బార్లీ, బంగాళాదుంప, చక్కెరబీటులను పరిశీలించి, దిగుబడి భేదములకు ముఖ్యకారణము ఆకుల చురుకు కాదనియు, వాని మొత్తము వైశాల్యము, అవి పచ్చగా నిలుచు కాలము అనియు చెప్పెను.

ఈలోగా కొత్త సాధనము వచ్చినది. బొగ్గుపులుసు వాయువు పరారుణ కిరణములను పీల్చుకొనును. ఆ గుణమును ఆధారము చేసికొని, ఆకును ఉంచిన గదిలోనికి పోవు గాలికి, వెలువడు గాలికి గల తేడాను నిమిషములలో చూపు యంత్రములు ప్రయోగశాలలకు చేరినవి. 1960ల మధ్య గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 320 పాళ్లు మాత్రమే (నేడు 420 దాటినది). అందులో కొద్ది పాళ్లు తగ్గినను యంత్రము పట్టును.

దీనితోనే 1967లో అమెరికాలో ఇజార్, వాలేస్‌లు ఫ్రెంచి చిక్కుడు రకములను పోల్చిరి. ఆకు వాయువును గ్రహించు వేగములో రకముల నడుమ నిజముగా భేదమున్నది; అది వంశపారంపర్యము కూడ. చురుకైన ఆకును ఎన్నుకొన్నచో కాయలు వాటంతటవే పెరుగునని వంగడముల నిపుణులు ఆశపడుట సహజమే.

ఆ ఆశకు దెబ్బ గోధుమనుండి తగిలినది. 1970లో ఆస్ట్రేలియాలో ఎవాన్స్, డన్‌స్టన్‌లు అడవి గోధుమలను నేటి గోధుమలతో పోల్చగా, సమాన వైశాల్యమునకు అడవి గోధుమ ఆకులే చురుకైనవని తేలినది! సాగు గోధుమకు ఆకు పెద్దది, గింజ పెద్దది; ఆకు వేగము మాత్రము తక్కువ. చక్కెర ఎంత తయారైనదను దానితోపాటు, అందులో ఎంత గింజకు చేరినదనునదియు చూడవలెను. చిక్కుడు పరిశోధకులు సయితము ఈ దారికే వచ్చిరి. 1972లో వాలేస్, ఓజ్‌బన్, మంగర్‌లు వ్రాసిన సమీక్షలో ఆకు వేగము, ఆకుల వైశాల్యము, కాయకు చేరు భాగము వేర్వేరు గుణములుగా, అన్నిటిని కలిపి పరిశీలించవలసినవిగా కనబడును.